మా మామ కూర్చున్న కేసు

మా ఊరికి కరోనా అరటికాయల లారీలో వచ్చింది. పులివెందుల నుంచి లింగాల వైపు పోయే దారి పొడవునా అరటితోటలే. కాయలు ఉత్తరాది మార్కెట్లకు పోతాయి. అట్లా లోడు దించి వచ్చిన మా వీధి డ్రైవరుకు జ్వరం తగిలింది, పరీక్ష చేస్తే పాజిటివ్ అన్నారు. ఆ మాట తెలిసిన పూటే మా వీధికి రెండు కొసలా వెదురుబొంగులు కట్టి, సందుల్లో సీమతుమ్మ కంప కుక్కేశారు. అది రెండువేల ఇరవై, ఏప్రిల్ నెల. ఎండలు అప్పటికే ముదిరాయి.

ఆ కంప వేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుగా చేరి నాకప్పటికి ఏడాది కూడా కాలేదు. పేరుకే పోలీసు. లాఠీ లేదు, జీపు లేదు, ఎవరూ భయపడరు. ప్రొబేషన్ అనేది మాత్రం ఒకటుంది, దానికి మేమే భయపడాలి. కంప బిగించేసరికి నేను డ్యూటీలో వీధి బయట ఉన్నాను. నా భర్త రమేష్, మా మామ కొండయ్య, మా అత్త గురవమ్మ లోపల ఉన్నారు. లోపలికి పోతే మళ్లీ బయటికి రావడానికి లేదు. అందుకని సచివాలయం గదిలోనే చాప పరుచుకుని పడుకున్నాను. మా ఇల్లు వీధిలో చివరిది, కంపకు ఆనుకునే ఉంటుంది. నేను కాపలా నిలబడేది దాని ఎదురుగానే. మా అత్త కెలికే సంగటి వాసన కంప దాటి వచ్చేది, సంగటి మాత్రం వచ్చేది కాదు.

మనుషుల సంగతి ఎట్లో జరిగిపోయింది. పాల పాకెట్లు, కూరగాయలు, మాత్రలు వాలంటీర్లు గడప దగ్గర పెట్టిపోయేవారు. చిక్కంతా గొర్రెలతో వచ్చింది.

మా మామకు మంద ఉంది. ఏటా ఎండాకాలం ఆ మంద ఊర్లో ఉండదు. కోతలైన చేన్లలో మేపుకుంటూ, రాత్రికి ఏదో ఒక రైతు చేనులో ఎరువు కోసం మంద కట్టుకుంటూ, పెన్న వైపు జమ్మలమడుగు దాకా పోతాడు ఆయన. ఆ ఏడు లాక్‌డౌన్ అన్నారు, ఎవరూ ఊరు దాటొద్దన్నారు. ఆయన దాటలేదు. మాట విననివాళ్ల మందలు ఎక్కడో పచ్చగా మేస్తుంటే, మాట విన్నందుకు మా మంద ఇంటి వెనక దొడ్డిలో ఇరుక్కుంది. దొడ్డి వెనక కూడా కంప వేశారు. ఆ కంప అవతల వంక ఉంది. వంకలో నీళ్లున్నాయి, గట్టు మీద మేత ఉంది. గొర్రెలకు వాసన తెలిసిపోతుంది కదా, పొద్దస్తమానం అటే మొహం పెట్టుకుని అరిచేవి.

మామ అడిగింది పెద్ద కోరికేమీ కాదు. దొడ్డి వెనక కంప ఒక బారెడు తీస్తే చాలు, ఎవరి గడపా తొక్కకుండా నేరుగా వంకలోకి దిగి, పొద్దు గూకేలోపల వచ్చేస్తానన్నాడు. నేను వీఆర్వోను అడిగాను. ఆయన మండలాఫీసును అడిగాడు. మండలాఫీసు పైనవాళ్లను అడిగింది. పశువుల మేపుకు లాక్‌డౌన్‌లో అడ్డు లేదనీ, అయితే పాజిటివ్ వచ్చిన వీధి నుంచి మనిషి కదలకూడదనీ జవాబు వచ్చింది. అంటే గొర్రెలు పోవచ్చు, వాటి వెంట కాపరి పోకూడదు. కాపరి లేకుండా వదిలితే అవి అరటితోటల మీద పడతాయి, అప్పుడు తోటవాళ్లు మా మీద పడతారు. ఈ మాట నేను ఫోన్లో చెబితే అవతల సారు కాసేపు ఆలోచించి, దానికి వేరే ఆర్డర్ రావాలమ్మా అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే ఆర్డర్ వచ్చినప్పుడు వస్తుందన్నాడు. ఆ ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. అది నా సొంత ఫోను కాబట్టి ఊరుకున్నాను.

ఒకరోజు మేత పంపుతున్నామని ట్రాక్టరులో వరిగడ్డి వేసుకొచ్చారు. దించేటప్పుడు ఫోటోలు తీసుకున్నారు. నడిచి నడిచి పచ్చి కొరికే జీవాలు ఆ ఎండుగడ్డిని వాసన చూసి వదిలేశాయి. మళ్లీ ఆ ట్రాక్టరు కూడా రాలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అచ్చం అట్లా అయింది మా పని. వీధిలో ఉండే వేపచెట్ల కొమ్మలు నరికి వేశారు, చెట్లు బోడులయ్యాయి. తల్లిగొర్రెలకు పాలింకిపోయాయి. తర్వాత పిల్లలు చావడం మొదలైంది. చచ్చినవాటిని బయటికి తీసుకుపోవడానికీ లేదు, దొడ్డిలోనే పెంటగుంట పక్కన పూడ్చారు. మాకని ఇచ్చిన పాల పాకెట్లు మా అత్త గొర్రెపిల్లలకు తాపిస్తోందని రమేష్ చెప్పాడు. కంప దగ్గరికి వచ్చి నిలబడితే ఆమె నా మొహం చూసేది కాదు, నా మెడలో వేలాడే గుర్తింపు కార్డు చూసేది.

నాతోపాటు కాపలాకు ఫకీర్ సాహెబ్ అని ఒక హోంగార్డు ఉండేవాడు. వయసైనవాడు, జాలిగుండె. ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, చీకటి పడినాక తను అటు తిరిగి కూర్చుంటాననీ, మందను గమ్మున తోలుకుపొమ్మని మీ మామతో చెప్పమనీ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మామతో చెబితే ఆయన కంప అవతల నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"నా గొర్రెల్ను నేను దొంగమాదిరి ఏంటికి తోలుకపోవాలమ్మా? నాది తప్పయితే చెప్పమను, మానుకుంటా. తప్పు గాకుంటే పట్టపగలే పోతా."

అదీ ఆయనతో వచ్చిన చిక్కు. వయసొచ్చినప్పటి నుంచి పదిమంది తగువులు తీర్చిన మనిషి. ఆయనకు ప్రతిదీ తప్పు అయినా కావాలి, ఒప్పు అయినా కావాలి. ప్రభుత్వానికి ఆ రెండూ అక్కర్లేదు, ఆర్డర్ ఉంటే చాలు.

ఆర్డర్ రాకపోతే తాను ఇంటి ముందర రోడ్డు మీద కూర్చుంటాననీ, పెద్ద అధికారి ఎవరైనా వచ్చి జవాబు చెప్పేదాకా లేవననీ ఆయన అన్నప్పుడు రమేష్‌కు చెమటలు పట్టాయి. ఇప్పుడు ధర్నాలు చేస్తే కేసులు పెడుతున్నారనీ, ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది, దాని గతేమిటనీ గొడవపడ్డాడు. ఆ ఉద్యోగం నాదే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను మధ్యలో ఒక పని చేశాను. ప్రొద్దుటూరులో నాతో డిగ్రీ చదివిన శ్రీవిద్య వాళ్ల నాన్న వేదవ్యాస గారు జమ్మలమడుగులో ప్లీడరు. ఆయనకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, కంప మీదుగా చెయ్యి చాపి పట్టుకున్నాను. అవతల మామ చెవి ఆనించి నిలబడ్డాడు.

వేదవ్యాస గారు చాలాసేపు చెప్పారు. ఆయుధం లేకుండా శాంతంగా కూడి మన గోడు చెప్పుకునే హక్కు రాజ్యాంగంలోనే ఉందన్నారు. అయితే ఆ హక్కుకు కట్టుబాట్లు పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉందనీ, ఇప్పుడు నూటనలభై నాలుగో సెక్షన్ నడుస్తోంది కాబట్టి ఐదుగురు కూడితే నేరమనీ, అధికారి ఆర్డర్‌ను మీరితే నూటఎనభై ఎనిమిది కింద కేసు పెట్టొచ్చనీ అన్నారు. మామ అంతా ఓపిగ్గా విన్నాడు.

"అది సరే సామీ. నేను కూచుంటే తప్పా?"

"తప్పు కాదు కొండయ్యా. కానీ కేసు పెట్టొచ్చు."

"తప్పు గాకపోతే కేసెట్ల పెడ్తారు?"

"తప్పా కాదా తేల్చేదానికే కదప్పా కేసు."

మామకు ఆ మాట నచ్చింది. అయితే పెట్టనీ అన్నాడు. వేదవ్యాస గారు గట్టిగా ఊపిరి వదిలి, జాగ్రత్తలు చెప్పారు. వీధి దాటకూడదు, కంప ముట్టకూడదు, మొహానికి టవలు కట్టుకోవాలి, గడపకు ఆనుకునే కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కడే కూర్చోవాలి. ఎవరినీ పిలవకూడదు. ఒక్క మనిషి గుంపు కాదు, ఒక్క మనిషి కూర్చుంటే ఏ సెక్షనూ అంత సులభంగా అంటదన్నారు. అరుగు మీద కూర్చుంటే ఇంకా మంచిదని కూడా అన్నారు గానీ, అరుగు మీద కూచుంటే నన్ను చూసేది నా పెండ్లామొక్కతే సామీ, అన్నాడు మామ.

మరుసటి పొద్దున ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాడు. స్నానం చేశాడు, టవలు మూతికి కట్టుకున్నాడు, గడప దిగాడు. అప్పటికే సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది. లోపలికి పోయి నల్ల కంబళి తెచ్చి, నాలుగు మడతలు విప్పి పరిచి, దాని మీద బాసిపెట్లు వేసుకుని కూర్చున్నాడు.

ఇంత చదివిన ప్లీడరుకు ఆ ఒక్క సంగతి తెలియదు. తెలిసిన నాకు తోచలేదు. మా గొర్రెల కాపర్లలో కులపెద్ద కంబళి పరిచి కూర్చున్నాడంటే ఏదో తగువు తేలాల్సి ఉందని అర్థం. దాన్ని చూసి చూడనట్టు పోకూడదు. ఎవరూ పిలవక్కర్లేదు. చెప్పులు విడిచి వచ్చి కూర్చోవాలి, తగువు తేలేదాకా లేవకూడదు. మామ మా పది ఊళ్లకు కులపెద్ద. ఆయన రోడ్డు కాలుతోందని పరిచాడు. చూసేవాళ్లకు అది అట్లా కనబడదు.

మొదట ఎదురింటి మునెమ్మ వచ్చింది. ముసలామె, ఆమెవీ గొర్రెలే. మా ఇంటి ముందు చెప్పులు విడిచి, కొంగు మూతికి కప్పుకుని దూరంగా కూర్చుంది. నేను కంప ఇవతల నుంచి లేచిపో అవ్వా అని చేతులు ఊపాను. ఆమె నన్ను చూసి, నేనేదో తెలియక వాగుతున్నానన్నట్టు కళ్లు మూసుకుంది. తర్వాత పక్కింటి అన్నదమ్ములు వచ్చారు. ఆ తర్వాత నా వైపు మొదలైంది. రేషన్ కోసం వచ్చిన వేరే వీధుల కాపర్లు, పక్క పల్లె నుంచి మందులకు వచ్చినవాళ్లు, కంప సందుల్లోంచి మామనూ ఆయన కింద కంబళినీ చూసి, చేతిలో సంచులు పక్కన పెట్టి, చెప్పులు విడిచి కూర్చోవడం మొదలుపెట్టారు. రేషన్ క్యూ కోసం రోడ్డు మీద వేసిన సున్నపు గుండ్రాలున్నాయి. బుద్ధిగా గుండ్రానికి ఒకరు కూర్చున్నారు. దూరం పాటించమని నెలరోజులుగా అరిచి చచ్చిపోతున్నా వినని జనం ఆ పొద్దు ఎంత చక్కగా పాటించారో చెప్పలేను. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నేను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి బతిమాలాను. మీరు కూర్చుంటే ఆయనకే చేటు, ఒక్కడుంటేనే కేసు లేదు, అని చెప్పాను. అందరూ ఒకటే మాట. పెద్దాయన కంబళి పరిచినాక యాడికి పోతామమ్మా అని. చివరికి కంప దగ్గరికి వచ్చి మామనే అడిగాను, నువ్వైనా చెప్పు, లేచిపొమ్మను అని. ఆయన కూడా చిక్కులో పడ్డాడని మొహంలో తెలిసింది.

"నేను పిలవలేదమ్మా. పిలవనోళ్లను పొమ్మని ఎట్ల చెప్పేది?"

కంబళి చుట్టేయమన్నాను. తగువు తేలకుండా చుడితే అరిష్టమన్నాడు. 

ఎస్సై వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లవాడు, మంచివాడే, నిద్రలేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఫోన్లో వీడియో తీసుకున్నాడు. ఎవరితో తగువు పెద్దాయనా అని అడిగాడు. మీతోనేనప్పా అన్నాడు మామ. దొడ్డి సంగతి, పిల్లలు చచ్చిన సంగతి, ఆర్డర్ సంగతి ఎస్సై అంతా విన్నాడు, మండలాఫీసుకు తనే ఫోన్ చేసి దూరంగా పోయి మాట్లాడాడు. తిరిగొచ్చినాక మామ ఆయన్నూ అదే అడిగాడు, నాది తప్పా అని. తప్పో ఒప్పో నాకు తెలీదు, ఐదుగురు కూడితే నేను రాసుకోవాల, అన్నాడు ఎస్సై. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇక్కడ డ్యూటీలో ఎవరున్నారు?"

"నేనే సార్."

"ఆయన మీకేమవుతారు?"

"మామ సార్."

ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.  రాయండి, అన్నాడు.

జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాను. చూసింది చూసినట్టు రాశాను. ఆయన ఒక్కడే కూర్చున్నాడని, ఎవరినీ పిలవలేదని, కంబళి చూసి మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారని రాశాను. ఎస్సై చదివి, ఈ కంబళి గింబళి కోర్టుకు అక్కర్లేదు, గుంపు కూడారా లేదా అంతవరకే రాయండి, అన్నాడు. కొత్త కాగితం ఇచ్చాడు. గుంపు కూడారు అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజం కూడా లేదు.

ఆ సాయంత్రం ఫకీర్ సాహెబ్ కంప మీదుగా వంగి, దారి సంగతి తేలిందని మామకు గుసగుసగా చెబితే, ఆయన లేచి కంబళి దులిపి చుట్టాడు. అందరూ చెప్పులు తొడుక్కుని పోయారు. తెల్లారేసరికి దొడ్డి వెనక కంప ఒక బారెడు తీసి ఉంది. ఎవరు తీయమన్నారో ఎవరూ చెప్పలేదు. కాగితం లేదు, ఆర్డర్ లేదు. ఇన్ని రోజులు లేనిది రాత్రికి రాత్రి ఎట్లా కుదిరిందని అడిగితే, మండలాఫీసులో ఏ కంపమ్మా అన్నారు. మంద వంకలోకి దిగింది. గొర్రెలకు దారి దొరికింది, మామకు కేసు దొరికింది.

వీధి తెరిచినాక నేను ఇంటికి పోయాను. మామ నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు రాసింది అబద్ధమా అని ఒకసారి అడిగాడు. కాదు మామా అన్నాను. మరింకేందమ్మా, అన్నం తిను, అన్నాడు. అత్త మాత్రం మారిపోయింది. కేకేసి పిలిచే మనిషి, కంచంలో పెట్టి గమ్మున పోయేది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

కోర్టు కాగితాలు వచ్చినాక వేదవ్యాస గారు ఫీజు మాట ఎత్తకుండా వకాల్తా తీసుకున్నారు. మొదటి వాయిదాలోనే అందరూ మంచిమాట చెప్పారు. చిన్న కేసు, లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే ఏదో నామమాత్రం జరిమానాతో అయిపోతుందన్నారు. రమేష్ కాళ్లావేళ్లా పడ్డాడు. మామ వినలేదు. కట్టేది దుడ్లైతే కడతాననీ, తప్పు చేశానని మాత్రం వేలిముద్ర వేయననీ అన్నాడు. ఆయన ఒప్పుకోకపోతే, ఆయనతోపాటు కేసులో ఇరుక్కున్న మిగతావాళ్లూ ఒప్పుకోరు. మందలను ఆడవాళ్లకు అప్పజెప్పి, వాయిదా వాయిదాకూ పొద్దున్నే బస్సెక్కి పులివెందులకు వచ్చేవారు. కోర్టు తేలుస్తుందని వాళ్లకు ఎంత నమ్మకమో. వేదవ్యాస గారికి కూడా ఉత్సాహం వచ్చేసింది. ఎవరి ఆర్డర్‌ను మీరారని కేసు పెట్టారో ఆ అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఉండాలనీ, ఇక్కడ ఆ పద్ధతి సరిగ్గా జరగలేదనీ, దానికితోడు కంబళి సంగతి నా నోటి నుంచి వస్తే గుంపు కూడించాడన్న మాటే నిలవదనీ చెప్పేవారు. ఇట్లాంటి కేసు ఎవరూ పోరాడలేదు కొండయ్యా, నువ్వు పోరాడుతున్నావు, అనేవారు.

మొదటి సాక్షిని నేను. కోర్టుకు పోయే ముందు మా పై అధికారి పిలిచి, ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదని గుర్తు చేశారు. కాగితంలో ఉన్నదానికి ఒక ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు అన్నారు. సర్కారు ప్లీడరు ఇంకా విడమరచి చెప్పాడు. వరండాలో నన్ను ఆపి, మామ కోసం మాట మార్చిందని రాస్తే నీ ఉద్యోగానికి ఎసరమ్మా అన్నాడు. గుర్తులేదని చెప్పు, ఎవరికీ నష్టం లేదు, అని రమేష్ సలహా. అందరి మాటలూ విన్నాను. విని విని ఒళ్లు మండింది. ఉద్యోగం పోతే పోయింది, కంబళి సంగతి చెప్పాల్సిందే అనుకున్నాను. అంతకంటే ఎక్కువ కూడా చెప్పాలనుకున్నాను. ఆయన చేసింది తప్పు కాదని, అడిగినా అడగకపోయినా చెప్పాలనుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి చాన్నాళ్లకు నిద్ర పట్టింది.

మరుసటి ఏడు ఎండలు మొదలవుతున్న రోజులవి. కోర్టు వరండాలో మామ వేదవ్యాస గారి పక్కన నిలబడి ఏదో అడగడం చూశాను. ఆయన ఏదో చెప్పారు, నా వైపు చూశారు. మామ తల ఆడించి, టవలు భుజాన సర్దుకుని లోపలికి పోయాడు. కేసు మాటలే అనుకున్నాను.

జడ్జమ్మ వచ్చింది. కాపర్లందరూ వెనక వరుసలో నిలబడ్డారు. బంట్రోతు నా పేరు పిలిచాడు. నేను లేచి బోను దాకా పోయాను. మెట్టు మీద కాలు పెట్టబోతున్నాను.

"అమ్మా, సాక్ష్యం వద్దు. తప్పయింది," అన్నాడు మామ వెనక నుంచి.

వేదవ్యాస గారు గిరుక్కున తిరిగారు. చేతిలో కాగితాలు కింద పడ్డాయి. జడ్జమ్మ కళ్లజోడు సర్దుకుని, మిమ్మల్నెవరైనా బెదిరించారా, బలవంతపెట్టారా అని అడిగింది. లేదమ్మా అన్నాడు. ఏం తప్పు చేశారో తెలుసా అని అడిగింది.

"కూచున్యానమ్మా."

ఆమె తల వంచి రాసుకుంది. ఆయన అన్నాక మిగతావాళ్లు ఆగుతారా, మాకూ తప్పయిందమ్మా, మాకూ అయింది, అని ఒకరి తర్వాత ఒకరు చెప్పేశారు. మునెమ్మ కూడా చెప్పింది. నెలల తరబడి మందలను వదిలి బస్సుల్లో తిరిగింది ఇందుకా? జరిమానా వేశారు. దాంతోపాటు కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష వేశారు. కూర్చున్నందుకు శిక్ష కూర్చోవడమే. ఐదుగురికి రెట్టింపు మంది, వెనక గోడకు ఆనుకుని ఒకే వరుసలో కింద కూర్చున్నారు. ఈసారి ఎవరూ వీడియో తీయలేదు.

వేదవ్యాస గారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మొహం ఎర్రబడి ఉంది. "నా కోడలు బోనెక్కి నిజం చెప్తే ఏమైతాదని మీ మామ అడిగినాడమ్మా. నీకు మంచిదే, ఆ పిల్లకు మంచిది కాదన్నా. అట్ల చెప్పకుండా ఉండాల్సింది నేను," అన్నారు. ఆ మాట అని, కాగితాలు ఏరుకుని బయటికి పోయారు.

నేను మామ దగ్గరికి పోయి ఆయన ముందు వంగాను. 

"నేను చెప్పేదాన్ని మామా. తప్పు కాదని చెప్పేదాన్ని."

"తెల్సమ్మా. అందుకే." ఆయన నా వైపు చూడకుండా గొంతు తగ్గించి అన్నాడు. "ఆ పొద్దు నేను కూచుంటే ఇంతమంది వచ్చి నా పక్కన కూచున్యారు. నువ్వు ఆ బోన్లో ఒక్కదానివే నిలబడాల."

 మధ్యాహ్నం వేరే కేసులు పిలుస్తున్నారు. మునెమ్మ కొంచెం జరిగింది. నేను ఆమెకూ మామకూ మధ్య కింద కూర్చున్నాను. కాసేపటికి బంట్రోతు వచ్చి, మీరు సాక్షి కదమ్మా, మీకు శిక్ష లేదు, మీరు పోవచ్చు, అని గుసగుసగా చెప్పాడు. చెప్పినా నేను లేవకపోయేసరికి, మళ్లీ వచ్చి మళ్లీ చెప్పాడు.

కోర్టు లేచేదాకా నేను లేవలేదు.